మామ పడవకు పెద్ద మోటారు

పడవ మోటారు ధరలో మూడు వేలు తగ్గించి కొన్న మొనగాణ్ణి నేనే. పొలం సోలార్ ప్యానెళ్ల కిందికి పోయాక మా మామకు మిగిలిన పని చెరువులో చేపలు పట్టడం. ఆయన పాత చెక్కపడవకున్న చిన్న మోటారు చెడిపోతే, బేరమాడటానికి నన్ను పావగడకు పిలుచుకుపోయాడు.

“పడవ పాతదంటాండారు కదప్పా, ఈ బరువు తట్టుకోదు. చిన్నదే తీసుకోండి,” అన్నాడు అంగడాయన, నేను ఎంచిన పెద్ద మోటారు చూసి.

నేను అంగళ్ల మధ్య పెరిగినవాణ్ణి. పెద్దది వద్దంటున్నాడంటే ఇంకెవరికో దాచిపెట్టాడనుకున్నాను. పట్టుబట్టి అదే తెచ్చాను.

మొదటి రోజే పడవ వెనక చెక్క చీలి, మోటారుతో, వలతో సహా మునిగింది. మామ ఈదుకుంటూ ఒడ్డుకొచ్చి, తలగుడ్డ పిండుకుంటూ, “ఏం అల్లుడా, నీళ్లు గూడా బేరంలోనే వచ్చినాయా?” అన్నాడు. నవ్వాడు గానీ నావైపు చూడలేదు.

నీళ్లు తాగిన మోటారును చెరువులోంచి తీయించి, తిరిగి అమ్మడానికి అదే అంగడికి మోసుకెళ్లాను. బేరమాడకుండా ఆయన ఇచ్చినంత తీసుకున్నాను.

మామకు నేను మిగిల్చింది మూడు వేలు. పోగొట్టింది మోటారు మీద పదకొండు వేలు, చెక్కకూ వడ్రంగికీ ఆరు, వలకు రెండు. పడవ బాగయ్యేదాకా మామ తన పొలంలోనే, ప్యానెళ్ల కింద గడ్డి కోసే కూలికి పోయాడు. దాని ధర ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.