రెండో చెయ్యి

వానాకాలం ఉదయాల్లో కొల్లేరు మీద తెల్లటి పొగమంచు పరుచుకుంటుంది. గట్టు ఎక్కడ ఆగిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియదు. ఆ పొగలో ఒక దోనె. దోనెలో తల వాల్చేసి పడుకున్న అల్సేషన్ కుక్క. దాని పక్కన స్టీలు క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నేను. ఇది జరిగి మరీ ఎన్నో ఏళ్ళు కాలేదు. అయినా నిద్రకీ మెలకువకీ మధ్య అప్పుడప్పుడు ఆ దోనె వచ్చి నా మంచం పక్కన ఆగుతుంది. క్యారేజీలో అన్నం ఇంకా వేడిగానే ఉంటుంది.

నేను కాపలా కుక్కలకి తర్ఫీదు ఇచ్చేదాన్ని. ఇది ఆడవాళ్ళు చేసే పనేనా అని అడిగినవాళ్ళకి నేను చెప్పిన జవాబులు ఇక్కడ రాస్తే బాగుండదు. తాడేపల్లిగూడెంలో పశువుల ఆసుపత్రిలో కొన్నేళ్ళు సహాయకురాలిగా చేశాను. కుక్కల దగ్గర నాకు చెయ్యి కుదిరిందని అక్కడి డాక్టరుగారే ఏలూరు దగ్గర ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో చేర్పించారు. రోజూ పొద్దున్నే ఉల్లిపాయల బస్తాల వాసన దాటుకుని స్టేషనుకి వెళ్ళి, పాసింజరెక్కి ఏలూరులో దిగేదాన్ని. మూతబడ్డ రైసు మిల్లు ఆవరణలో మా కుక్కలుండేవి. అటు ఆకివీడు దాకా చేపల చెరువులకీ, ఐసు ఫ్యాక్టరీలకీ, మేత గోదాములకీ కుక్కనీ, దాన్ని చూసుకునే మనిషినీ జతగా పంపేవాళ్ళం.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నీళ్ళ గిన్నెకి నాచు పట్టి కనిపిస్తే ఎంతటి మొనగాణ్ణయినా పదిమందిలో నిలబెట్టి దులిపేసేదాన్ని. ఎండలో గొలుసేసి కట్టకూడదు. వరసగా రెండు డ్యూటీలు చేయించకూడదు. గోళ్ళూ చెవులూ వారం వారం చూడాలి. ఇలాంటివన్నీ ఒక నోటు పుస్తకంలో నేనే రాసి, గోడకి మేకు కొట్టి వేలాడదీశాను. అందులో మొదటి నియమం మీద నాకు చెప్పలేనంత గర్వం. ఒక కుక్క, ఒక చెయ్యి. తన మనిషి పెట్టింది తప్ప ఇంకెవరు ఏం పెట్టినా కుక్క ముట్టకూడదు.

ఆ నియమం ఊరికే పుట్టలేదు. నేను చేరిన కొత్తలో ఒక చెరువు గట్టు మీద మా ఆడకుక్క ఎవరో విసిరిన మాంసం ముక్క తినేసింది. చేపలు పట్టుకుపోవడానికి వచ్చినవాళ్ళు అందులో పురుగుల మందు కలిపారు. తెల్లారి నేను వెళ్ళేసరికి దాని మూతి మీద నురగ ఆరిపోయి ఉంది. దాన్ని గట్టు కింద పూడ్చిపెట్టి, మట్టి చేతులతోనే వచ్చి ఆ వాక్యం రాశాను. ఆ తర్వాత మా కుక్క ఒక్కటి కూడా అలా పోలేదు.

తినే పద్ధతి కూడా నేనే పెట్టాను. పళ్ళెం నేల మీద పెట్టి, మనిషి తన కుడి అరచెయ్యి కుక్క నుదుటి మీద ఆనించాలి. ఆ చెయ్యి తగిలాకే అది తల వంచాలి. అందాకా ఎంత ఆకలేసినా పళ్ళెం ముందు కూర్చుని చూస్తూ ఉండాల్సిందే.

దోనెలో పడుకున్న ఆ కుక్కని చూసుకునే ఆయన కొల్లేరు లంక ఊరివారు. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఆదివారం పొద్దున్నే వచ్చి కుక్కకి తిండి పెట్టి వెళ్ళినా చర్చి మానరు, మిగతా ఆరు రోజులూ డ్యూటీ మానరు. కాగితాల్లో మా కుక్కలకి నంబర్లే ఉండేవి. ఆయన మాత్రం తన కుక్కని "అబ్బాయిగారూ" అని పిలిచేవారు. "అబ్బాయిగారూ, కాస్త ఇటు చెవి చూపించండి" అని బతిమాలి చెవి తుడిచేవారు. మిగతా హ్యాండ్లర్లు పడీపడీ నవ్వేవాళ్ళు. నేనూ ఊరుకునేదాన్ని కాదు.

"ఏవండీ, అబ్బాయిగారికి సంబంధాలేమైనా చూస్తున్నారా?"

"ఇంకా చదువవ్వలేదండీ" అనేవారు ఆయన, మొహంలో ఏమాత్రం నవ్వు లేకుండా.

డ్యూటీ దిగి వచ్చాక పొద్దున్నే ఆయన తిండి పెట్టడం చూడాలని నేను ఒక రైలు ముందే వచ్చేదాన్ని. అన్నంలో ఉడికించిన మాంసం కలిపి, వేడి తగ్గిందో లేదో ఒక మెతుకు ముంజేతి మీద పెట్టి చూసుకునేవారు. పళ్ళెం కింద పెట్టి, కుడి చెయ్యి కుక్క నుదుటి మీద ఉంచి, ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవారు. కుక్క కూడా కళ్ళు మూసుకునేది. మిల్లు పైకప్పు రేకుల సందుల్లోంచి ఎండ సన్నగా పడుతుండేది. పాత ఊక వాసన వేస్తుండేది. ఆ ఒక్క క్షణం ఎంతసేపు ఉండేదో నేను ఎప్పుడూ కొలవలేదు గానీ, దాని మీద రోజంతా గడిపేసేదాన్ని.

ఒకరోజు ఆయన నా గది బయట చెప్పులు విడిచి వచ్చి నిలబడ్డారు.

"మేడంగారూ, ఒక్క మాటండీ. మా అబ్బాయిగారికి ఇంకొకరి చెయ్యి కూడా అలవాటు చేద్దామండీ."

"ఎందుకూ?"

"మనిషన్నాక జ్వరాలొస్తాయి కదండీ."

నాకు ఒళ్ళు మండింది. "రెండో చెయ్యి అలవాటైతే మూడో చెయ్యి ఎంతసేపండీ? ఆ తర్వాతది దొంగోడి చెయ్యే. జ్వరమొస్తే మాత్ర వేసుకుని రండి" అన్నాను.

"అలాగేనండీ" అని ఆయన వెళ్ళిపోయారు. ఆ మాటలో కోపం ఇసుమంత కూడా లేదు. నా మీద కేకలేసి వెళ్ళినా ఈపాటికి మర్చిపోయేదాన్నేమో.

ఆ ఏడు వానలు పట్టుకుని వదల్లేదు. ఒక పొద్దున్న డ్యూటీ దిగబోతూ ఆయన చెరువు గట్టు మీద కూలబడిపోయారు. పక్షవాతం. కుక్క అరిచిన అరుపులకి పడవ మీద మేత చల్లుతున్నవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఏలూరు ఆసుపత్రిలో ప్రాణం నిలిచింది గానీ కుడివైపు పడిపోయింది. మూడు రోజులు ఆయనకి సరిగ్గా స్పృహే లేదు. నాలుగో రోజు ఇంటికి తీసుకెళ్ళారు. ఆ నాలుగు రోజులూ మిల్లులో కుక్క ఒక్క మెతుకు ముట్టలేదు.

నీళ్ళు తాగేది. పళ్ళెం పెడితే దాని ముందు పద్ధతిగా కూర్చునేది. చొంగ కారి ముందుకాళ్ళు తడిసిపోయేవి. నేను నుదుటి మీద కుడి చెయ్యి పెట్టాను. ఒకసారి నా వైపు చూసి మళ్ళీ గేటు వైపు చూసింది. ఆయన యూనిఫాం చొక్కా తొడుక్కుని వచ్చాను. ఆయన తువ్వాలు చేతికి చుట్టుకున్నాను. కోడిమాంసం పెట్టాను, చేప పెట్టాను, గుడ్డు పెట్టాను. ఆఖరికి సిగ్గు విడిచి "అబ్బాయిగారూ, తినండి బాబూ" అని కూడా అన్నాను. నేను నేర్పింది ఒక్క అక్షరం కూడా మర్చిపోలేదది.

తాడేపల్లిగూడెం నుంచి నా పాత డాక్టరుగారు వచ్చి సెలైను ఎక్కించారు. "దీంతో ఎన్నాళ్ళో నెట్టుకురాలేమమ్మా, తినాలి" అన్నారు. పక్కటెముకలు తడిమి చూస్తూ, "ఇంత గట్టిగా నేర్పింది ఎవరమ్మా?" అని అడిగారు. నేను సెలైను గొట్టం సరిచేశాను. ఏజెన్సీ యజమాని ఫోను చేసి, ఎనిమిదేళ్ళ కుక్క, పోతే కొత్తది తెద్దాం అన్నాడు. అతని మాట పూర్తి కాకుండానే ఫోను పెట్టేశాను. తర్వాత ఆ ఖాళీ మిల్లులో కూర్చుని ఏడ్చాను. విషం పెట్టి చంపినవాళ్ళని అన్నేళ్ళు తిట్టుకున్నాను. ఇప్పుడు పెట్టకుండా చంపుతున్నది నేను.

ఐదో రోజు కుక్కని తీసుకుని ఆయన ఊరికి బయల్దేరాను. రోడ్డు నీళ్ళ కింద ఉంది. ఆటో గట్టు దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణుంచి దోనె. కుక్కని నేనూ దోనెవాడూ కలిసి ఎత్తి పడుకోబెట్టాం. నేను భయపడినంత బరువు లేదు. పొగలో దోనె కదిలిందో లేదో కూడా తెలియలేదు. గూడబాతులు ఉన్నట్టుండి కనిపించి, మళ్ళీ లేకుండా పోయేవి. గట్లు మునిగిన చెరువుల్లో, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల చక్రాలు పైకి తేలి ఉన్నాయి. ఎక్కడో చర్చి మైకులో పాట వస్తోంది, ఏ వైపు నుంచో చెప్పలేం. చాలాసేపు మేము ఎక్కడికీ వెళ్ళడం లేదనీ, ఇలాగే ఉండిపోతామనీ అనిపించింది. అప్పుడు కుక్క తలెత్తింది. గాలి పీల్చింది. తోక ఒక్కసారి దోనె చెక్కకి కొట్టింది.

ఆయన వరండాలో మంచం మీద ఉన్నారు. కుక్క కాళ్ళు వణుకుతూ మెట్లెక్కి మంచం అంచు మీద తల పెట్టింది. ఆయన మూతి ఒకపక్కకి లాగేసింది. మాట నెమ్మదిగా వచ్చింది.

"చిక్కిపోయారేంటండీ అబ్బాయిగారూ."

క్యారేజీ విప్పి పళ్ళెం పెట్టాను. కుక్క కూర్చుంది. ఆయన ఎడమ చెయ్యి తెచ్చి నుదుటి మీద పెట్టారు. కుక్క ఒళ్ళంతా కదిలిపోయింది, ఆ చేతిని నాకింది, కానీ తల వంచలేదు. దుప్పటి మీద పడి ఉన్న కుడి చెయ్యి వైపే చూస్తోంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను వెళ్ళి ఆ కుడి చెయ్యి పైకెత్తాను. చల్లగా, తడిసిన తువ్వాలంత బరువుగా ఉంది. దాన్ని కుక్క నుదుటి మీద ఉంచి, జారిపోకుండా దాని మీద నా చెయ్యి ఆనించాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. కుక్క కూడా మూసుకుంది. కాసేపటికి పళ్ళెం వరండా గచ్చు మీద గరగరమని కదిలిన చప్పుడు వినిపించింది.

కుక్కని అక్కడే ఉంచి, ఆ తర్వాత రోజూ ఆయన చెయ్యి ఎత్తి పెట్టడానికి రైలు దిగి, ఆటో దిగి, దోనెక్కి వెళ్ళాను. వారం గడిచాక ఒక పొద్దున్న ఆయన అన్నారు.

"ఇక నా చెయ్యి కొంచెం కొంచెం తీసేద్దామండీ. మీ చెయ్యి అలవాటు చెయ్యండి. మీ చేత్తో తింటే డ్యూటీకి పోతారు అబ్బాయిగారు."

నాకు అప్పుడు తెలిసింది. ఆయన చెయ్యి తీసేశాక నుదుటి మీద ఎవరి చెయ్యి మిగిలితే కుక్క వాళ్ళది. ఆ సంగతి ఆయనకి ముందే తెలుసు. తెలిసే, గోడవైపు చూస్తూ చెబుతున్నారు. నేను లేచి వాళ్ళావిణ్ణి పిలిచాను.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి. మీ చెయ్యి పెట్టండి."

"నేనాండీ?" ఆవిడ గుమ్మంలో ఆగిపోయింది. "పాతికేళ్ళ కాపురంలో నాకు ఒక్క ముద్ద కలిపి పెట్టలేదండీ ఈయన. ఆ అబ్బాయిగారికైతే రోజూ కలిపారు. ఇప్పుడు నేను చాకిరీ చెయ్యాలా?" అంటూనే కొంగుతో చెయ్యి తుడుచుకుని వచ్చి, భర్త చేతి మీద తన చెయ్యి పెట్టింది. పెట్టాక మొహం అటు తిప్పుకుంది.

ఆయన నా వైపు చూశారు. "మరి డ్యూటీ అండీ?"

"డ్యూటీ అయిపోయిందండీ" అన్నాను.

ఇంటివాళ్ళ చేతి తిండి తప్ప ముట్టదు, కాపలాకి పనికిరాదు అని ఏజెన్సీకి కాగితం రాసిచ్చాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నిజమయ్యేలా నేనే దగ్గరుండి చూశాను. యజమాని గొణిగాడు. నేను గొణగలేదు, మిల్లు రేకులు అదిరేలా అరిచాను. కుక్క వాళ్ళింట్లోనే ఉండిపోయింది.

నోటు పుస్తకంలో మొదటి నియమం కొట్టేశాను. ప్రతి కుక్కకీ రెండు చేతులు అలవాటు చెయ్యాలి, రెండో మనిషి ఎవరో ముందే రాసిపెట్టాలి అని రాశాను. దాని కింద, మనిషన్నాక జ్వరాలొస్తాయి కదండీ అని కూడా రాశాను. రూల్సులో ఈ మాటెందుకు, తీసెయ్యమన్నాడు యజమాని. తియ్యలేదు. కొత్తగా చేరినవాళ్ళు అక్కడికి వచ్చేసరికి చదవడం ఆపి నా వైపు చూసేవాళ్ళు. చదవండి అనేదాన్ని.

ఏడాది తిరిగాక ఆయన పోయారు. ఈసారి రోడ్డు పొడిగానే ఉంది. ప్రార్థన అయ్యింది, సమాధి చేసి వచ్చారు. కుక్క మాత్రం వరండాలో ఖాళీ మంచం కింద నుంచి కదల్లేదు. నేను ఆ పూటకి అక్కడే ఉండిపోయాను. ఆ రోజు దానికి ఎవరూ ఏమీ పెట్టలేదు. పెట్టే ధైర్యం మాకు లేకపోయింది.

తెల్లారాక ఆవిడ అన్నం కలిపింది. ఒక మెతుకు ముంజేతి మీద పెట్టి వేడి చూసుకుంది. పళ్ళెం మంచం దగ్గర పెట్టి కింద కూర్చుంది. కొల్లేరు మీద పొగ ఇంకా విడలేదు. కుక్క బయటికి వచ్చి పద్ధతిగా కూర్చుని, పళ్ళెం వైపు చూసింది, మంచం వైపు చూసింది. చూస్తూనే ఉంది. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ కుడి చెయ్యి తీసుకెళ్ళి దాని నుదుటి మీద ఆనించి కళ్ళు మూసుకుంది.

చాలాసేపటికి కుక్క కళ్ళు మూసుకుంది. తల వంచింది.

పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఆవిడ చెయ్యి తియ్యలేదు. తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఖాళీ మంచం వైపు తిరిగి చెప్పింది.

"తిన్నారండీ మీ అబ్బాయిగారు."