నేను ఎత్తిన చెయ్యి

మా ఆయన మణికట్టు విరగ్గొట్టింది నేను. అమెరికాలో, చాండ్లర్‌లో, మా ఇంటి వంటగదిలో, ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చిన గంటకి.

అప్పటికి మూడేళ్లుగా తాగుతున్నాను. మొదట్లో ఆఫీస్ పార్టీల్లో ఒక గ్లాసు వైన్. తర్వాత ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో కాఫీ మగ్గులో వోడ్కా, దానికి వాసన ఉండదనుకుని. చిప్‌లు తయారుచేసే కంపెనీలో టెస్ట్ ఇంజనీర్‌ని. మీటింగుల్లో నా మాట ఎప్పుడూ తడబడలేదు. కాబట్టి నేను తాగుబోతుని కానని గట్టిగా నమ్మాను. ఆ మాట మగవాళ్ల కోసమే పుట్టిందని కూడా అనుకునేదాన్ని.

ఇంట్లో మాత్రం చెయ్యి లేచేది. ఒకసారి టీవీ రిమోట్ విసిరితే ఆయన కనుబొమ్మ చిట్లింది. ఒకసారి చొక్కా రక్తంతో తడిసేలా భుజం కొరికాను. తాళాలు ఇవ్వలేదని గరాజ్‌లో కారు అద్దం సుత్తితో పగలగొట్టాను. మర్నాడు ఏడ్చి ఆయన కాళ్లు పట్టుకునేదాన్ని, సాయంత్రానికి మళ్లీ తాగేదాన్ని. ఆ గాయాలేంటని ఫ్రెండ్స్ అడిగితే ఆయన, పెరట్లో బోగన్‌విలియా ముళ్లు గీరుకున్నాయని చెప్పేవారు. పెళ్లాం కొడుతోందని ఆయన ఎవరితో చెప్పుకుంటారు? ఆయన సిగ్గు చాటున నేను తాగుతూ పోయాను.

ఆ ఆదివారం ప్రార్థన జరుగుతుండగానే నా వేళ్లు వణకడం మొదలైంది. ఇంటికి రాగానే బియ్యం డబ్బాలో దాచిన సీసా తీసి గబగబా తాగి, దోసెలు పోయడానికి పెనం పెట్టాను. డబ్బా మూత తీసి ఉండటం ఆయన చూశారు. సీసా పట్టుకుని సింకులో ఒంపేశారు. తిట్టి ఉంటే ఆగేదాన్నేమో. ఆ గుడగుడ చప్పుడు విని నాకు ఒళ్లు తెలియలేదు. కాలుతున్న పెనం కాడ పట్టుకుని ఆయన తల మీదికి దించాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. ఎముక విరగడం వినిపించింది, చర్మం కాలిన వాసన వచ్చింది. నేను రెండోసారి కూడా ఎత్తాను. అది చెప్పకపోతే ఇదంతా అబద్ధమే. ఆ దెబ్బ గ్రానైట్ గట్టుకి తగిలి పెనం నా చేతిలోంచి ఎగిరిపోయింది.

తొమ్మిదేళ్ల మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది.

పాపని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, ఆస్పత్రికి ఆయనే డ్రైవ్ చేశారు, ఒక్క చేత్తో. తాళాల కోసం నేను చెయ్యి చాస్తే, పక్కన కూర్చుని నోరు మూసుకోమన్నారు. ఎమర్జెన్సీలో నర్సు విరిగిన చేతినీ, కాలిన చోటునీ, పాత గాట్లనీ చూసింది. గరాజ్‌లో నిచ్చెన మీంచి పడ్డానని ఆయన చెప్పారు. ఆమె నా వైపు తిరిగి కాసేపు బయట కూర్చోమంది. ఎందుకో నాకు తెలుసు. పాప పుట్టినప్పుడు ఆస్పత్రివాళ్లు ఆయన్ని బయటికి పంపి, ఇంట్లో నీకేం భయం లేదు కదా అని నన్ను అడిగారు. ఈసారి బయటికి పంపింది నన్ను. లోపల కూడా ఆయన నిచ్చెన అనే చెప్పారట.

అంత జరిగినా నాకు బుద్ధి రాలేదు. ఇంటికొచ్చి ఆయన మాత్ర వేసుకుని పడుకోగానే, బట్టల అల్మరాలో ఉన్న రెండో సీసా కోసం వెళ్లాను. మా అమ్మాయి అల్మరాకి అడ్డంగా నిలబడింది.

"నో, అమ్మా. నువ్వు నాన్నని మళ్లీ కొడతావ్," అంది.

తప్పుకోమన్నాను. కదల్లేదు. జుట్టు పట్టుకుని లాగి చెయ్యెత్తాను. అది అరవలేదు, పారిపోలేదు. అచ్చం వాళ్ల నాన్నలా ముంజేతిని ముఖానికి అడ్డం పెట్టి, కళ్లు మూసుకుని దెబ్బ కోసం ఆగింది. నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. రెండో చేతి వేళ్లకి దాని వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి.

మా చర్చిలో ఒక ఆంటీ ఉన్నారు. బందరు వైపు వారు, ఇక్కడ ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడకి ఫోన్ చేశాను.

"ఆంటీ, నేను తాగి ఇంట్లోవాళ్లని కొడుతున్నాను. రండి."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆవిడ వచ్చి ముందు పాప తల నిమిరి చూశారు, తర్వాత నన్ను కూర్చోబెట్టి ఎంత తాగుతున్నావని అడిగారు. రెండు గ్లాసులన్నాను.

"నాతో అబద్ధమాడినా పర్లేదమ్మా, డాక్టర్‌తో ఆడకు. ఇలా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చి పోతారు. బ్యాగ్ సర్దుకో."

ఐదు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. రెండో రోజు గోడంతా చీమలు పాకుతున్నట్టు కనిపించింది. సెలైన్ సూది పీకేస్తే దుప్పటి రక్తమైంది. పట్టుకోబోయిన నర్సుని కడుపులో తన్నాను. నలుగురు కలిసి నా కాళ్లూ చేతులూ మంచానికి కట్టేశారు. నాకొచ్చిన తెలుగు బూతులన్నీ తిట్టాను, వాళ్లకి ఒక్కటీ అర్థం కాలేదు. నాలుగో రోజుకి తాగిన నీళ్లు వాంతి కాకుండా కడుపులో నిలిచాయి. నేను తన్నిన నర్సే వచ్చి తినిపించింది. క్షమించమన్నాను. ఆమె తల ఊపి, బీపీ రాసుకుని వెళ్లిపోయింది.

చివరి రోజు మా ఆయన చేతికి కట్టుతో వచ్చారు. కూర్చోలేదు.

"ఇంక నిచ్చెన కథ చెప్పను. ఎవరడిగినా జరిగిందే చెప్తాను. పాపా నేనూ వేరే అపార్ట్‌మెంట్‌కి వెళ్తున్నాం. నువ్వు మానెయ్. తర్వాత చూద్దాం."

సరేనని, డిశ్చార్జి కాగితాల మీద సంతకం పెట్టి ఒక్కదాన్నే ఇంటికి వచ్చాను.

రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఒక కమ్యూనిటీ హాల్లో తాగుడు మానేవాళ్ల మీటింగు జరిగేది. మూడు రోజులు నా వంతు వచ్చినా మాట్లాడలేదు. నాలుగో రోజు పెనం సంగతి చెప్పాను, రెండోసారి ఎత్తిన సంగతి కూడా. ఎవరూ ఆశ్చర్యపోలేదు. పక్క కుర్చీలో ఉన్న స్కూల్ టీచరు, తాగిన మైకంలో కన్నతల్లిని మెట్ల మీంచి తోసేశానని చెప్పింది.

ఎనిమిది నెలలకి వాళ్లిద్దరూ తిరిగొచ్చారు. ఆయన మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. నేను వంటగదిలో ఉంటే వెనక నుంచి రారు, అడుగుల చప్పుడు చేస్తూ ఎదురుగా వస్తారు. నాకు తాగాలనిపించే రోజులున్నాయి. ఏదో ఒకటి విసరాలని చేతులు దురదపెట్టే రోజులూ ఉన్నాయి.

పోయిన వారం ఫోన్ ఇవ్వనన్నందుకు మా అమ్మాయి నా మీద గట్టిగా అరిచి గది తలుపు ధడేలుమని వేసుకుంది. ఇన్నాళ్లూ నాతో ఆచితూచి మాట్లాడిన పిల్ల అది. ఆయన కంగారుగా వచ్చి నా ముఖం చూశారు. నేను స్టవ్ కట్టేసి, చెప్పులేసుకుని, ఆ ఎండలో వీధి చివరి దాకా నడిచి వచ్చాను. తర్వాత తలుపు తట్టి అన్నానికి రమ్మన్నాను.

"ఫైవ్ మినిట్స్," అంది లోపలి నుంచి, ఇంకా కోపంగానే.