లెక్కకు మించిన బొమ్మలు

ఆ రోజుల్లో నాకు యాభై రెండేళ్లు నిండి నాలుగు నెలలు. ఇప్పటి నా మోకాళ్ల లెక్కలో అది పడుచుతనమే. సకల జనుల సమ్మె నడుస్తోంది. జనగామలో మా వాడ ఆడవాళ్లమంతా పొద్దున రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసి, అక్కడే తిని, మధ్యాహ్నం కరెంటు వచ్చే మూడు గంటలకు మా ఇంట్లో సినిమాకు కూర్చునేవాళ్లం. పాత డబ్బా టీవీయే అయినా పదకొండేళ్లుగా వాడకు అదే సినిమా హాలు (ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పేది నేనే). అంతలో భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేసే మా మరిది, పక్కింట్లోనే ఉండే తోటికోడలికి గోడకు తగిలించే పెద్ద టీవీ తెచ్చాడు. మూడో రోజుకు మా ఇంట్లో మిగిలింది నేను, మా ఆయన, చాప.

నాలుగో రోజు నేనూ వెళ్లాను, సినిమా కోసం కాదు, తప్పులు వెతకడానికి. వెతికే పనే లేకపోయింది. సినిమాలో రాజు గుర్రం దిగి నడుస్తుంటే, వేషం కట్టిన మనిషెవరో మన వాకిట్లో తిరుగుతున్నట్టుంది.

"గిది సినిమా లెక్క లేదే, పెండ్లి క్యాసెట్ లెక్కున్నది" అన్నాను.

"కండ్లల్ల నిప్పులు పోసుకోకు బిడ్డా" అంది ఎదురింటి అవ్వ. "నీళ్లు జారినట్టు జారుతున్నది సూడు!"

"మోషన్ అని ఒకటున్నదట అక్కా, గందుకే గింత సాఫ్‌గ కనబడ్తది" అంది తోటికోడలు. "మీ డబ్బల గది లేదు."

ఆ 'మీ డబ్బల' అన్న మాటకు రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు ఆమె చాయ్ పెట్టడానికి లేవగానే, మిగతావాళ్లు ముచ్చట్లలో ఉండగా, రిమోట్ అందుకున్నాను (ముప్పై తొమ్మిది మీటలు, లెక్కపెట్టాకే ముట్టుకున్నాను). ఆ మోషన్ ఎక్కడుందో పట్టి ఆపేశాను. దాని షోకు దిగిపోవాలని నా ఆశ. నిన్నటి రాజు సినిమాయే మళ్లీ మొదలైంది. రాజు ఒక్కసారిగా రాజైపోయాడు. గదిలో చప్పుడు లేదు. కొడుకును సాగనంపే చోట ఎదురింటి అవ్వ కొంగుతో కళ్లొత్తుకుని, "నీ టీవీ దినాం దినాం మంచిగైతున్నదే పిల్లా!" అని తోటికోడలిని మెచ్చుకుంది. నాకూ కళ్లు తడిశాయి. రాజు కోసమా, టీవీ కోసమా అన్న లెక్క మాత్రం ఇప్పటికీ తేలలేదు.

సినిమాకు సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలేనని, ఆ టీవీ నడుమ లేని బొమ్మలను తానే అల్లి నునుపు చేస్తుందని తర్వాతెప్పుడో తెలిసింది. అంటే నా కన్నే నిజం. కానీ ఎవరికి చెప్పను? చెబితే రిమోట్ సంగతీ ఒప్పుకోవాలి.

పోయిన నెల పద్నాలుగున మా ఇంటికీ అలాంటి టీవీ వచ్చింది. మళ్లీ అదే పెళ్లి క్యాసెట్! ఈ రిమోట్‌కు మీటలు పదకొండే. అరగంట కుస్తీ పట్టి ఓడిపోయి, మహబూబాబాద్‌లో కూతురి దగ్గరున్న తోటికోడలికి ఫోన్ చేశాను.

"సమ్మె నాడు మా ఇంట్ల ఎట్ల బంద్ చేసినవో గట్లనే చెయ్యక్కా" అంది. "చాయ్ గిన్నె పట్టుకొని దర్వాజ కాడ నిలబడి సూసిన గద!"

"ఇన్నేండ్లు చెప్పకపోతివి?"

"ఎందుకు చెప్త? టీవీ మంచిగైంది గద."

"ఎప్పుడొస్తవే?" అన్నాను.

"ఎక్కడ కూసోవాల్నో నువ్వే చెప్తనంటె, ఎల్లుండి."

ఆ రోజే చాప దులిపి పరిచాను. రెండు రోజుల ముందుగా.