నాన్న మూతికి కట్టిన చిక్కం

మా చిన్నప్పుడు... మాఘ పౌర్ణమికి పూడిమడక సముద్ర స్నానమంటే పెళ్ళిని మించిన హడావిడి. ముందురోజు మధ్యాహ్నానికే అనకాపల్లిలో మా వీధి నిండా బళ్ళు సిద్ధమయ్యేవి. గూడుబండిలో గడ్డి పరిచి, పైన బొంత వేసి, చెంబులూ తట్టలూ సర్దేవారు.

ఆ ఏడాది ఆ బొంత మీది చోటు నాన్నకి. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. నాకు తొమ్మిదేళ్ళు.

నాన్న బెల్లం వండే మనిషి. గానుగ దగ్గర పెనంలో చెరుకు రసం ఉడుకుతుంటే, వేలికింత పాకం తీసుకుని నాలిక మీద పెట్టుకుని "దించీండి" అనేవాడు. ఆయన చెప్పేదాకా ఎవరూ దించేవారు కారు. అలాంటి మనిషికి అతిమూత్ర వ్యాధి వచ్చింది... ఇప్పుడు మీరంతా షుగరు అంటున్నదే. డాక్టరు తీపి మానెయ్యమన్నాడు. చోడి అంబలి, అంటే రాగి జావ, తాగి ఏడాది గడిపాడు. కాలి మీద పుండు మాత్రం మానలేదు. చేతికర్రతో పక్క గదిదాకా నడిస్తే గొప్ప.

మేము పండగలు మానలేదు. చాటుగా చేసుకునేవాళ్ళం. నూనె మూకుడు పక్కింట్లో పెట్టేవారు. అక్కడే తిని, మూతి కడుక్కుని ఇంటికి వచ్చేవాళ్ళం. నాన్నకి వాసన తెలియదనుకున్నాం... పాకం చూసే మనిషికి!

సముద్రంలో కాళ్ళు తడిస్తే పుండు మానుతుందని ఎవరో అన్నారు. నాన్న ఆ మాట పట్టుకుని నెల్లాళ్ళు ఎదురు చూశాడు. ప్రయాణం రోజు పొద్దున్నే మంగలిని పిలిపించి గడ్డం గీయించుకున్నాడు.

గంగమ్మ నైవేద్యానికని అమ్మ బియ్యప్పిండీ బెల్లప్పాకంతో పాకుండలు వండి, ఇత్తడి గిన్నెలో పెట్టి, నాన్న గది పక్క కొట్టుగదిలో దాచింది. నాన్నకి అక్క, మా పెద్దత్త, ఇల్లంతా వినపడేలా హుకుం జారీ చేసింది.

"అమ్మోరికి పెట్టకముందు ఎవులైనా ముట్టేరా, బండెక్కరు. సిన్నోడైనా పెద్దోడైనా ఒకటే మాట."

నాన్నని కనిపెట్టుకుని ఉండమని నన్ను కూర్చోబెట్టారు. ఆయన కునుకు తీస్తున్నాడు. నేను కొట్టుగదిలోకి వెళ్ళి రెండు పాకుండలు తిన్నాను. మూడోది నోట్లో ఉండగా అడుగుల చప్పుడు... పరుగెత్తుకొచ్చి మంచం పక్కన కూలబడ్డాను. గిన్నెకి మూత పెట్టడం మరిచిపోయాను.

"ఎవుడ్రా మూత తీసింది?" పెద్దత్త.

నన్ను వదిలేసి బండి వెళ్ళిపోతున్నట్టు కళ్ళకి కట్టింది. అప్పటికి నేను సముద్రం చూడలేదు.

"నాన్న..." అన్నాను.

నాన్న అప్పటికే మేలుకున్నాడు. నా మొహం చూశాడు. నా మూతి చూశాడు.

"ఏటిరా తమ్ముడా, గుంటడు సెప్పింది నిజవేనా?"

"నిజవే అక్కా. నోరు ఊరుకోలేదు. తినీసేను."

పెద్దత్త గొంతు వీధిలోకి వెళ్ళింది. "సచ్చిపోతావని డాకటేరు నెత్తీ నోరూ కొట్టుకుంతంటే అమ్మోరి సొమ్ము తింతావా! పెళ్ళాం పసుపు కుంకాలు అక్కర్లేదేటి నీకు?"

అమ్మ గుమ్మం దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఎద్దుల్ని కడుతున్న మా మేనమామ అక్కణ్ణించే అందుకున్నాడు. "ఏటి బావా, ఎద్దుకి కట్టినట్టు నీ మూతికీ సిక్కం కట్టాలేటి?"

మేత మీదికి పోకుండా ఎద్దు మూతికి కట్టే తాళ్ళ వల, చిక్కమంటే. వీధంతా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. నేనూ నవ్వాను.

నాన్న ఇంట్లో ఉండిపోయాడు. ఆయన కోసం అమ్మ కూడా. ఆయనకి వేసిన బొంత మీద నేను కూర్చుని వెళ్ళాను.

సముద్రం ఎలా ఉందో ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తు లేదు. దాని కోసం అంత పని చేసి కూడా...

తిరిగొచ్చాక నాన్న దగ్గరికి పిలిచాడు. దెబ్బ పడుతుందనుకున్నాను. చుట్టూ ఎవరూ లేరని చూసి మెల్లగా అడిగాడు.

"పాకుండలు ఎలాగున్నాయిరా? మీయమ్మ పాకం ముదరబెట్టీలేదు కదా?"

"లేదు నాన్నా. బాగున్నాయి."

"అదే... వాసన సూసి అలాగే అనుకున్నాను."

అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆ ఏడు వానలు పడకముందే పోయాడు.

"నోటి తీపికి పోయేడు నా తమ్ముడు" అని పెద్దత్త పదో రోజున చుట్టాలందరికీ చెప్పింది. తాను పోయేదాకా చెప్తూనే ఉంది. పోయినవాళ్ళని ఏమీ అనకూడదంటారు. నేనంటాను. ఆవిడ మనవలు చదివి నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. మామయ్య ప్రతి పెళ్ళి పందిట్లోనూ చిక్కం కట్టినట్టు మూతికి చేతులు అడ్డం పెట్టి నవ్వించేవాడు. అయినా వాళ్ళిద్దరికీ నిజం తెలియదు. తెలిసినవాణ్ణి నేను. ప్రతిసారీ అందరితో పాటు నవ్వాను. ఆ మాటే నిజమనుకుంటూ మా అమ్మ కూడా వెళ్ళిపోయింది.

పెద్ద పెద్దవాళ్ళ ఆత్మకథలు చాలా చదివాను. తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా వాళ్ళ గొప్పతనం ఎక్కడో మెరుస్తుంటుంది. నా దాంట్లో వెతక్కండి. దొరకదు.

పోయిన నెల మా ఇంట్లో పుట్టినరోజు. నాకిప్పుడు షుగరు కదా, నా కోసం తీపి లేని కేకు వేరే తెప్పించి, దగ్గర కూర్చుని తినిపించారు. ఆ పక్కనే వరసకి మనవడొకడు మైకు పట్టుకుని "సిక్కం తాత" కథ చెప్పాడు. నాన్నకి మిగిలిన పేరు అదే. ఎవరో వీడియో తీసి కుటుంబం గ్రూపులో పెట్టారు. నవ్వే బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి...

మా వాళ్ళందరికీ చెప్తున్నాను. నాన్న ఆ పాకుండలు ముట్టుకోలేదు. తిన్నది నేను. అబద్ధమాడిందీ నేనే. ఆయన్ని ఇక ఆ పేరుతో పిలవకండి.

ఆ రోజుల్లో ఇంటి మాటలు ఆ ఇంటి మనుషులతోనే మట్టిలో కలిసేవి. ఇప్పుడు ఫోనులో పడితే మనం పోయినా అవి పోవు... మీ ఇళ్ళల్లోనూ ఎవరి మీదో నవ్వుకుంటూ చెప్పుకునే పాత కథ ఒకటి ఉండే ఉంటుంది. అసలు నిజం మీకు తెలిస్తే ఇక్కడ రాయండి. కాకపోతే, అది వినవలసిన మనిషి ఇంకా బతికుంటే, ముందు వెళ్ళి వాళ్ళకి చెప్పండి.

నాకు అలాంటివాళ్ళు ఎవరూ మిగల్లేదు.