పన్నెండో ఎక్కం దాకా

నైట్ డ్యూటీ దిగి, పారమట్టా స్టేషన్‌లో ఉదయం రైలెక్కాను. కళ్లు మూతలు పడుతున్నాయి. పక్క సీట్లో నర్సు యూనిఫాంలో ఉన్న పాతికేళ్ల అమ్మాయి తెలుగులో ఎక్కాలు గొణుక్కుంటోంది.

నేను చూడడం గమనించి, "నిద్ర ఆపుకోడానికి అంకుల్," అంది. "నాకు ఫిఫ్టీన్ ఇయర్స్ ఉన్నప్పుడు స్కూల్ క్యాంప్‌లో తప్పిపోయా. నైటంతా మంచులో ఒక్కదాన్నే. పడుకుంటే ఇక లేవనని తెలుసు. అమ్మ తిట్టి నేర్పిన ఎక్కాలే చెప్పుకుంటూ కూర్చున్నా. పన్నెండు దాకే వచ్చు. అయిపోతే మళ్లీ రెండు నుంచి."

విన్నానో లేదో, నిద్రపోయాను. బ్లాక్‌టౌన్‌లో దిగాలని గొణిగానేమో, అక్కడ భుజం తట్టి లేపింది. నేను దిగాను, తను వెళ్లిపోయింది.

ఇంటికి రాగానే, బూట్లయినా విప్పకుండా, మా అబ్బాయిని ఎక్కాలకి కూర్చోబెట్టాను.

"వై, డాడ్? ఫోన్ ఉందిగా."

"పదమూడు ఒకట్లు పదమూడు," అన్నాను.