సిప్రియానో కోటు

టెక్సస్‌లోని ఆ పత్తి ఊళ్లో సిప్రియానో మంగలి. అన్న బెర్నబే స్పానిష్‌లో మొత్తుకున్న గోడు అర్థంకాని పన్నెండుమంది తెల్లవాళ్లు జ్యూరీలో కూర్చుని అతన్ని జైలుకు పంపారు. అన్న అక్కడే పోయాడు. మూడేళ్లకు, తనలాంటి మెక్సికన్లను జ్యూరీకి దూరం పెట్టరాదని పెద్దకోర్టు తీర్పిచ్చింది. ఆనాటి నుంచి సిప్రియానో, జ్యూరీలో కూర్చోమని తనకూ పిలుపొస్తుందని, ప్రతి ఆదివారం గోధుమరంగు కోటు ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించేవాడు. "ఏం పెళ్లికొడుకా, పిలుపొచ్చిందా?" అని గడ్డాలకొచ్చినవాళ్లు ఏడిపిస్తే, "వస్తుందిరా, ముందు నువ్వు మెడ కదపకు!" అనేవాడు కత్తి నూరుతూ.

ముప్పై ఎనిమిదేళ్లకు పిలుపొచ్చింది. జ్యూరీకి మనుషుల్ని ఏరుతూ కోర్టులో సర్కారు వకీలు అడిగాడు: "సాక్షి స్పానిష్‌లో చెబుతాడు. మీ చెవిన పడింది వదిలేసి, దుభాషీ ఇంగ్లీషులో చెప్పిందే నమ్ముతారా?" ఒక్క అబద్ధమాడితే కుర్చీ దక్కేది. సిప్రియానో తడుముకున్నాడు. "ప్రయత్నిస్తాను సార్. కానీ అమ్మ నేర్పిన మాట వినబడలేదని ఎలా అనుకోను?"

"మీరు వెళ్లొచ్చు." స్పానిష్ తెలిసి ఇలా తటపటాయించేవాళ్లను పంపేయడం తప్పు కాదని కిందటేడే ఆ పెద్దకోర్టే చెప్పింది.

"ఏమయ్యా, కూర్చోబెట్టారా?" గుమ్మంలోనే అడిగింది భార్య ఒటీలియా.

"అర్థంకానివాళ్లు అన్నను పంపేశారు. అర్థమవుతుందని నన్ను పంపేశారే."

ఆ ఆదివారం ఇస్త్రీపెట్టె వేడెక్కలేదు.