మేయరన్న సభలో నా తర్జుమా

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా తల నెరవలేదు. (నెరిసిన రెండు మూడు వెంట్రుకలూ ఈ కథ పుణ్యమే.) అయినా ఆ రోజులు వేరు. తెలియనిది తెలియదని చెప్పే ధైర్యం అప్పటికి ఇంకా రాలేదు. కారు నడపడం వచ్చా అంటే వచ్చు, లెక్కలు రాయడం వచ్చా అంటే అదీ వచ్చు. ఎవరేమడిగినా "వచ్చన్నా" అనడమే నా చదువు. అట్లా అన్న పాపానికి ఒక పార్లమెంటు టిక్కెట్టు వచ్చి నా మెడకి చుట్టుకుంది.

మాది జువ్వలదిన్నె రేవుకి కాస్త ఇవతలి ఊరు. మా ఊళ్ళో పుట్టినవాళ్ళలో అందరికంటే పైకొచ్చినవాడు మేయరన్న. వయసులో ఉండగానే ఊరు వదిలి ఎక్కడో పెద్ద నగరానికి పోయి, కాంట్రాక్టరై, కార్పొరేటరై, చివరికి ఆ నగరానికే మేయరయ్యాడు. అక్కడ ఆయన ఏ రోడ్డు వేయించినా ఇక్కడ మేము దాని మీద నడిచినంత గర్వపడేవాళ్ళం (మా రోడ్డు మీద నడిస్తే చెప్పు ఊడొచ్చేది, అది వేరే సంగతి). కొన్నాళ్ళకి ఆయనకి నగరం చాల్లేదు. ఢిల్లీ మీద మనసుపడి, పోటీ చేస్తే సొంత గడ్డ మీదనే చేస్తానని మా తీరానికి వచ్చి ఆఫీసు తెరిచాడు. "మన తీరంలో నించి రాకెట్లు ఆకాశానికి పోతుండాయి, నేను ఢిల్లీకి పోలేనా అబ్బయా?" అని నన్నడిగాడు. రాకెట్టునైతే వదిలే ముందు పరీక్ష చేస్తారన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఆ ఆఫీసులో నా ఉద్యోగానికి అప్పటికి నెల కూడా నిండలేదు మరి.

పరీక్ష రానే వచ్చింది. పార్టీ ఢిల్లీ పెద్దాయన స్వయంగా మా ఊరి సభకి వస్తాడని, సొంతూరి జనం మేయరన్నని ఏ మాత్రం కోరుకుంటున్నారో కళ్ళారా చూసి టిక్కెట్టు సంగతి అక్కడే తేలుస్తాడని కబురు. ఆయన ఇంగ్లీషులో మాట్లాడతాడు, జనానికి తెలుగులో చెప్పేవాడు కావాలి. "చర్చిలో నువ్వే చెప్తావంట కదా" అన్నాడు మేయరన్న. వచ్చన్నా, అన్నాను.

ఇది మాత్రం నిజంగానే వచ్చు. ఉజ్జీవ కూటాలకి, అంటే మా చర్చి పెద్ద ప్రార్థన సభలకి, బయటి దేశాల బోధకులు వచ్చినప్పుడు పక్కన నిలబడి తర్జుమా చేసేది నేనే. దానికొక పద్ధతి ఉంది. బోధకుడు చెయ్యెత్తితే మనమూ ఎత్తాలి, ఆయన గొంతు వణికితే మనదీ వణకాలి. మామూలు తెలుగు పనికిరాదు, ప్రతి మాటా "చుండెను" అనో "బడును" అనో ముగియాలి. ఏళ్ళ తరబడి చేస్తే అది నోటిని దాటి ఎముకలకి పడుతుంది. ఈ సంగతి స్టేజీ ఎక్కేదాకా నాకు తెలియదు.

సభ రోజున షామియానా నిండా జనం. ముందు వరసలో మా మేనత్త, ఒళ్ళో బిర్యానీ పొట్లం. మేయరన్న నా భుజం మీద చెయ్యి వేసి, "నా బతుకు నీ నోట్లో ఉండాది అబ్బయా" అన్నాడు. ఆ చెయ్యి నా చేతికంటే చల్లగా ఉంది. పెద్దాయన లేచి, ఈ ఊరికి ఐసు ఫ్యాక్టరీ తెస్తామన్నాడు. నేను మైకు పట్టుకున్నాను. "మీకు ఐసు ఫ్యాక్టరీ అనుగ్రహింపబడును" అని వినబడింది. ఎవరిదా గొంతని చూస్తే నాదే. వెనక ఎవరో "ఆమెన్" అన్నారు. "డీజిలు ధర తగ్గింపబడును, పడవలవారు సంతోషించెదరు." ఈసారి పదిమంది ఆమెన్ అన్నారు. మేయరన్న వెనక నుంచి నా చొక్కా లాగాడు.

"ఏందిరా ఈ భాష?"

"వాళ్ళకి అర్థమవుతుండాదన్నా."

"నాకు కాలేదే."

పెద్దాయనకి మాత్రం హుషారు వచ్చింది. రెండు చేతులూ పైకెత్తి, గొంతు వణికిస్తూ, ఇతన్ని ఢిల్లీకి పంపాలనుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. మా కూటాల్లో చేతులెత్తమనే ముందు అందరినీ కళ్ళు మూసుకోమంటారు, పక్కవాళ్ళు చూస్తారన్న మొహమాటం ఉండకూడదని. నా ఎముకలు తమ పని తాము చేసేశాయి. "తలలు వంచి కన్నులు మూసికొనుడి. పక్కవారిని చూడవద్దు. ఈయనను పంపగోరువారు మాత్రమే చేతులెత్తుడి."

తలలన్నీ ఒక్కసారిగా వంగాయి. చర్చి ముఖం చూడనివాళ్ళు కూడా, పక్కవాళ్ళు వంచారు కదా అని వంచారు. మేయరన్న కూడా వంచాడు. పెద్దాయన కంగారుగా నా చెవిలో, ఏమిటిది అన్నాడు. "అన్న కోసం ప్రార్థన చేస్తున్నారు సార్" అన్నాను, ఇంగ్లీషులో. ఆయన వెంటనే చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. ఇక అంత సభలో తెరిచి ఉన్న కళ్ళు నావే. అప్పుడు చేతులు లేచాయి. నీళ్ళు చాలని మడిలో నారులాగా, ఇక్కడొకటి, అంత దూరాన ఒకటి. జెండాలు పట్టుకున్న కుర్రాళ్ళు జెండాలు కింద పెట్టి మరీ చేతులు కట్టుకున్నారు. మేయరన్న కారు డ్రైవరు చేతులు జేబుల్లో ఉన్నాయి. మా అత్తవి పొట్లం మీద ఉన్నాయి.

"ఎన్ని లేచినాయి అబ్బయా?" మేయరన్న కళ్ళు తెరవకుండానే అడిగాడు, ఫలితాల బోర్డు దగ్గరికి పోవడానికి భయపడి స్నేహితుణ్ణి పంపిన పిల్లవాడిలాగా.

"లేస్తుండాయన్నా" అన్నాను.

ఇంకో క్షణం ఆగితే ఎవరో ఒకరు కళ్ళు తెరుస్తారు. నాకు తెలిసిన దారి ఒక్కటే. "ఆమెన్" అన్నాను. షామియానా గుంజలు కదిలేలా సభంతా "ఆమెన్" అంది. పెద్దాయన అదే ఊరి మాట అనుకుని, కళ్ళు తుడుచుకుని మేయరన్నని కౌగిలించుకున్నాడు. టిక్కెట్టు అక్కడే ఖాయమైంది.

సభ అయ్యాక అత్తని పక్కకి పిలిచి, ఎందుకు ఎత్తలేదు అత్తా, మంచోడే గదా అన్నాను.

"మంచోడే. మా ఇంట్లో పులుసన్నం తిన్నోడే. కానీ ఊరి పేరు చెప్పుకున్నాడు గానీ ఊళ్ళో ఎప్పుడుండినాడు?"

"అట్లయినా నా మొహం చూసి ఎత్తొచ్చు గదా."

"కళ్ళు తెరుచుకొని ఉంటే రెండు చేతులూ ఎత్తేదాన్నయ్యా. నువ్వే మూసుకోమంటివి. మూసుకున్నాక దేవుడి ముందర ఉండట్టే గదా, ఆడ కూడా అబద్ధం చెప్పమంటావా?"

ఎన్నికలయ్యేదాకా ఈ మాట కడుపులో పెట్టుకుని తిరిగాను. ప్రచారంలో దండ పడిన ప్రతిసారీ మేయరన్న నవ్వేవాడు, నాకు మాత్రం వంగిన తలలే కనిపించేవి. లెక్కింపు రోజున ఆయన ఓడిపోయాడు. టీవీలో మేధావులు రాత్రిదాకా కారణాలు వెతికారు, మా అత్తనైతే ఎవరూ అడగలేదు. కొన్నాళ్ళకి మేయరన్న తన నగరం నుంచి ఫోన్ చేశాడు. "ఆ పొద్దు ఆమెన్ అంత గట్టిగా అన్నారు గదా అబ్బయా, ఏమైనాది?" గొంతులో కోపం లేదు, అదే కష్టంగా అనిపించింది. నాకూ అర్థం కాలేదన్నా, అన్నాను.

ఇప్పుడు ఆ స్టేజీ మీది కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఊరందరి చేతులూ వెతికినవాడు తన చెయ్యి చూసుకోలేదు. ఒకదాంట్లో మైకు ఉంది, సరే. రెండోది ఖాళీగా, ప్యాంటు పక్కన బుద్ధిగా వేలాడుతూ ఉంది. ఉద్యోగమిచ్చిన మనిషి కోసమైనా అది లేవాల్సింది. పాపం, దానికి ఎవరూ తర్జుమా చేసి చెప్పలేదు.